అరవై అంటే యాభై నాలుగు

“...అది చిన్న కార్ల సైజు అక్కా, నీ బండిది కాదు. ఒకసారి వేశాను, పొరపాటైపోయింది. రెండోసారి కూడా వేస్తే దాన్ని పొరపాటని ఎవరూ అనరు.”

“మూడేళ్లలో ఒక్కసారైనా నీ మీద చాడీ చెప్పానా? నీ పొరపాటు నాకు నచ్చింది తమ్ముడూ. అలాంటివే ఇంకో నాలుగు బిగించు.”

టైర్ల షాపతను చేతిలో ఉన్న పానా కింద పెట్టి, గోడకి అతికించిన సైజుల పట్టిక వైపు చూశాడు, సాక్ష్యానికి పిలిచినట్టు. ఎదురుగా జాకీ మీద తెల్లకారు ఒక పక్క పైకి లేచి ఉంది. నెత్తిమీద డ్రైవింగు స్కూలు బోర్డు. టైర్లు అరిగి అరిగి గుండు కొట్టించుకున్న తలల్లా నున్నగా ఉన్నాయి. మార్చక తప్పదన్న దగ్గర ఇద్దరికీ పేచీ లేదు. పేచీ అంతా ఏ సైజు వెయ్యాలన్న దగ్గరే.

చివరికి అతను పాత చక్రాన్నే మళ్లీ బిగించి, శుక్రవారం దాకా ఆలోచించుకోమన్నాడు. ఈలోగా వాన పడితే మాత్రం బండి బయటికి తియ్యొద్దన్నాడు. తన షాపు ముందునుంచి ఆ కారు వెళ్లినప్పుడల్లా తన తప్పు తనకే చెయ్యూపి పోతున్నట్టు ఉంటుందని, అది తనకి పెద్ద శిక్ష అని కూడా అన్నాడు. ఆవిడ నవ్వి నిజంగానే చెయ్యూపి వెళ్లిపోయింది.

ఆవిడని ఊళ్లో అందరూ బ్రేకమ్మ అంటారు. డ్రైవింగు స్కూలు కారులో నేర్చుకునేవాడి కాళ్ల దగ్గర ఉన్నట్టే పక్కసీట్లో కూర్చున్న ఆవిడ కాళ్ల దగ్గరా ఒక బ్రేకు ఉంటుంది. దాని మీంచి ఆవిడ కాలు తియ్యగా చూసినవాళ్లు లేరు. భోజనానికి కూర్చున్నప్పుడు కూడా ఆ కాలు కొంచెం ముందుకి చాపే ఉంటుందని, కూర బాగా లేదంటే చాలు, నేలని గట్టిగా తొక్కుతుందని వాళ్లాయన చెబుతాడు.

మొదట్లో ఆవిడ ఆ స్కూల్లో ఫారాలు నింపే గుమాస్తా. ఎనిమిదేళ్లపాటు బల్ల వెనక కూర్చుని, నేర్పేవాళ్లు అరవడం, నేర్చుకునేవాళ్లు బిక్కచచ్చిపోవడం కిటికీలోంచి చూసింది. అప్పటికి ఆవిడకీ లైసెన్సు ఉంది గానీ నడపడానికి బండి లేదు. ఒకరోజు నేర్పే అతను జ్వరమొచ్చి రాలేదు. తెల్లారితే పరీక్ష ఉన్న పెద్దమనిషి ఒకాయన గుమ్మంలో నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఈవిడ ఫారాలు పక్కన పెట్టి వెళ్లి పక్కసీట్లో కూర్చుంది. మనిషికి బండి నేర్పడానికి అరుపులు అక్కర్లేదని, చిన్న చిన్న అబద్ధాలు చాలునని ఆ గంటలోనే కనిపెట్టింది. ఇంజను ఆగిపోతే, ఆగిపోలేదండీ, ఆలోచిస్తోంది అనేది. వెనక్కి నడిపే పాఠంలో, వెనకున్న స్తంభం రబ్బరుదని చెప్పేది. రబ్బరుదని నమ్మినవాళ్లలో ఇన్నేళ్లుగా ఒక్కరూ దానికి తగల్లేదు. ఇనపదని ముందే తెలిసినవాళ్లే ముగ్గురు వెళ్లి కొట్టారు. తరవాత స్కూలు యజమాని దుకాణం కట్టేస్తుంటే బోర్డు, బల్ల, బండి ఆవిడే తీసుకుంది. స్తంభం ఉన్నచోటే ఉంది.

వాళ్లాయన దర్జీ. ఇంటి ముందుగదిలో ఒక గోడ ఆవిడది, ఎదుటి గోడ ఆయనది. ఆవిడ గోడకి రోడ్డు గుర్తుల పటం, ఆయన గోడకి కత్తెర, టేపు, సగం కుట్టిన బట్టలు. నడుము ముప్పై ఎనిమిది వచ్చినవాడికి ఆయన ప్యాంటు ముప్పై ఎనిమిదికే కుడతాడు గానీ, లోపలి పట్టీ మీద ముప్పై ఆరు అని రాస్తాడు. తొడుక్కున్నవాడు అద్దం ముందు నిటారుగా నిలబడి, ఈమధ్య కొంచెం తగ్గినట్టున్నానే అనుకుంటూ వెళ్తాడు. బట్ట నిజంగానే ఉండాలి, అంకె మాత్రం మర్యాదకి అని ఆయన సిద్ధాంతం. అలాంటి ఇంట్లో మొగుడి అబద్ధం నడుముల దగ్గర ఉంటే, పెళ్లాం అబద్ధం మూడేళ్ల కిందట చక్రాల దగ్గరికి చేరింది.

అదీ తనంతట తానే వచ్చి చేరింది. ఆ రోజు టైర్ల షాపులో రెండు తెల్లకార్లు పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. షాపతని కళ్లజోడు విరిగి ఇంకా బాగై రాలేదు. బ్రేకమ్మ బండికి వెయ్యాల్సింది నూట అరవై ఐదు, ఎనభై, పద్నాలుగు. అంటే టైరు వెడల్పు నూట అరవై ఐదు మిల్లీమీటర్లు, టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఎనభై వంతు, మధ్యలో ఇనపరిమ్ము పద్నాలుగు అంగుళాలు. చిన్నకారుది నూట యాభై ఐదు, అరవై ఐదు, పద్నాలుగు. రిమ్ము రెండిటికీ పద్నాలుగే గనక ఎవరి టైరు ఎవరికి తొడిగినా ఎక్కి కూర్చుంటుంది. ఎక్కి కూర్చున్నాయి. చిన్నకారు ఆయన మలుపు తిప్పగానే టైరు రేకుకి రాసుకుని కీచుమంది, గంటలో తిరిగొచ్చి షాపంతా దద్దరిల్లేలా అరిచాడు. బ్రేకమ్మకి కబురు పంపితే రేపొస్తానంది. రేపు రాలేదు. వారం తరవాత వచ్చి, నవ్వు ఆపుకుంటూ, అసలు ఏం జరుగుతోందో వివరంగా చెప్పమంది.

అతను చెప్పాడు. బండిలో వేగం, దూరం చూపే మీటరుకి చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో తెలుస్తుంది గానీ చక్రం ఎంత పెద్దదో తెలీదు. తయారైన రోజున ఎంత అని చెప్పారో అదే నమ్ముకుని ఉంటుంది. చక్రం చిన్నదైతే ఒక్కో చుట్టుకి బండి తక్కువ దూరం పోతుంది. మీటరు మాత్రం పాత లెక్కే చూపిస్తుంది. అది అరవై అన్నప్పుడు బండి నిజంగా పోయేది యాభై నాలుగే.

ఆవిడ ఆ సంగతి అప్పటికే తన సీటు కిందనుంచి పసిగట్టింది. ఇప్పటి శిష్యుల్నే చూస్తే, నెల రోజులు నలభై దగ్గర వణికిపోయిన బ్యాంకు గుమాస్తా ఈమధ్యే మీటరు మీద యాభై చూసి, నేనేనా అని మురిసిపోయింది. ఎప్పుడూ అరవై, అరవై అని గోల పెట్టే కాలేజీ కుర్రాడు ముల్లు అరవై తాకగానే తృప్తిగా కాలు తీసేశాడు. భయపడేవాళ్లకి ధైర్యం, దూకేవాళ్లకి తృప్తి, పక్కసీటు ఆవిడకి నిశ్చింత, అన్నీ ఒకే టైరులో దొరికాయి. బండి ఎత్తు కాస్త తగ్గి స్పీడు బ్రేకరు దగ్గర పొట్ట గీరుకునేది. అదీ మంచిదే అంది ఆవిడ, ఆ చప్పుడుకి ఒళ్లు జలదరించి వాళ్లే నెమ్మదిస్తున్నారు. తన దగ్గర నేర్చుకుని సొంత కార్లు కొనుక్కున్నవాళ్లు యాభై నాలుగు దగ్గరే అరవై అంత వేగం అనుకుని కాలు వెనక్కి తీసుకుంటారని, ఊళ్లో ప్రమాదాలు తగ్గింది అందుకేనని ఆవిడకి ఒక గట్టి నమ్మకం. దీనికి లెక్క ఎక్కడా లేదు. ఆవిడ అడగనూ లేదు.

టైర్ల షాపులో పేచీ అయిన మర్నాడు, మంగళవారం, రాళ్ల మాస్టారు పాఠానికొచ్చాడు.

రాళ్ల మాస్టారుది నిజానికి బడి ఉద్యోగం కాదు, రోడ్ల ఆఫీసులో కొలతల ఉద్యోగం. వయసులో ఉండగా పెద్దరోడ్డు పొడుగునా ఇనపగొలుసు లాగించి, కిలోమీటరుకో రాయి పాతించాడు. రిటైరై నాలుగేళ్లయింది. భార్య మోకాళ్లు బస్సు మెట్లెక్కనివ్వడం లేదు. ఆవిడ చెల్లెలి ఇల్లు ఇరవై మూడో రాయి పక్కన. తను కొలిచిన రోడ్డు మీద తనే నడిపి ఆవిడని తీసుకెళ్లాలని అరవై నాలుగేళ్ల వయసులో స్టీరింగు పట్టాడు. నడుపుతూ ఒక్కో రాయి దాటుతుంటే ఎదురింటివాళ్లని పలకరించినట్టు తల ఊపేవాడు. తలలు ఊపడం తరవాత, ముందు రోడ్డు చూడండి మాస్టారూ అని బ్రేకమ్మ రోజూ చెప్పేది.

స్కూలు గేటు పక్కనే సున్నా రాయి. తొమ్మిదో రాయి దగ్గర బండి ఆపి, వెనక్కి తిప్పుకుని రావడం ఆ రోజు పాఠం. ఏ పనైనా మొదలుపెట్టేముందు అంకె రాసుకోవడం మాస్టారికి ఉద్యోగంతో వచ్చిన జబ్బు. దూరం చూపే మీటరులో ఎంతుందో చిన్న పుస్తకంలో రాసుకుని బయల్దేరాడు. పాత మీటరు, అందులో పూర్తి కిలోమీటర్లే కనిపిస్తాయి. తొమ్మిదో రాయి దగ్గర ఆపి, చేతిబ్రేకు లాగి, కళ్లజోడు సర్దుకుని చూశాడు. పది తిరిగి ఉంది.

“టీచరుగారూ, ఈ మీటరు సరిగ్గానే ఉందా?”

వెనకసీట్లో బ్యాంకు గుమాస్తా, కాలేజీ కుర్రాడు తమ వంతు కోసం కూర్చుని చెవులు రిక్కించి వింటున్నారు. బ్రేకమ్మ నాలుక ఆవిడకంటే ముందే కదిలింది.

“మా మీటరా? బంగారం మాస్టారూ. మొన్ననే చూపించాను.”

మాస్టారు సరేనని పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. తిరుగు దారిలో ఒక్క రాయినీ పలకరించలేదు. ఆ రోజు ఎంత బాగా నడిపాడో చెప్పి మెచ్చుకుంటే, ఆయన ఆ మాట విన్నట్టు లేదు.

బుధవారం ఆయన పాఠానికి రాలేదు. సాయంత్రం ప్యాంటు కొలతలివ్వడానికి దర్జీ గోడ వైపు వచ్చాడు. బ్రేకమ్మ లైసెన్సుల పరీక్ష ఆఫీసులో ఉంది. దర్జీ నడుము చుట్టూ టేపు తిప్పి, అలవాటు ప్రకారం ముప్పై ఆరు అన్నాడు. మాస్టారు జేబులోంచి తన సొంత టేపు తీసి, దర్జీ ఎదుటే కొలుచుకుని, ముప్పై ఎనిమిది రాసుకోండి అన్నాడు. ఇరవై ఐదేళ్లలో అంకె పెంచమని అడిగినవాడు ఆయనొక్కడే. తరవాత టేపుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, అయినా ఇప్పుడు దీన్ని నమ్మడానికీ లేదు అని నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు వెనక ఉన్నదంతా దర్జీ ఆ రాత్రి భోజనాల దగ్గర భార్యకి చెప్పాడు.

మాస్టారికి తన పెళ్లినాటి వారం గుర్తొచ్చింది. సర్వీసు మొత్తంలో ఆయన పెట్టిన పెద్ద సెలవు అదొక్కటే. ఆ వారం ఐదో రాయినుంచి తొమ్మిదో రాయి దాకా గొలుసు వేరేవాళ్లు లాగారు. వచ్చాక తను మళ్లీ కొలిచి చూడాల్సింది, కొత్త పెళ్లికొడుకు గనక చూడలేదు. అక్కడే ఎక్కడో ఒక కిలోమీటరు మాయమైందని తేల్చుకున్నాడు. ముప్పై ఐదేళ్లుగా ఆ రోడ్డున పోయేవాళ్లందరికీ తప్పుదూరం చెప్పానని, ఆ తప్పుకి బాధ్యుడు తనేనని, రాళ్లు పీకించి మళ్లీ పాతించాలని రోడ్ల ఆఫీసుకి ఉత్తరం రాశాడు. సోమవారం స్వయంగా తీసుకెళ్లి ఇస్తాడు. ఆ ఆఫీసులో ఇప్పుడున్న వాళ్లంతా ఆయన చెయ్యి పట్టుకుని పని నేర్చుకున్నవాళ్లే.

“ఇస్తే వాళ్లు నవ్వుతారు,” అన్నాడు దర్జీ. “ఈయన ఎదురుగా నవ్వరు. ఈయన మెట్లు దిగాక నవ్వుతారు.”

బ్రేకమ్మ కుడికాలు బల్ల కింద నేలని తొక్కింది.

చిన్న అబద్ధాన్ని మరింత చిన్న అబద్ధంతో సరిచేద్దామని గురువారం పొద్దున్నే మాస్టారికి ఫోన్ చేసింది. మీటరు పాతది కదా, కాస్త ఎక్కువ చూపిస్తోందేమో అంది. ఆయన ఓపిగ్గా, పాతబడ్డ యంత్రం వెనకబడుతుంది గానీ ముందుకి ఉరకదమ్మా అన్నాడు. పైగా మీరే బంగారం అన్నారు కదా అని గుర్తుచేశాడు. నన్ను ఓదార్చాలని అంటున్నారు, మీ మంచితనం అని కూడా అన్నాడు. ఆవిడ ఫోన్ పెట్టేసి, ఆ రోజంతా శిష్యుల మీద అరిచింది. ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి. వెనక్కి నడిపే పాఠంలో బ్యాంకు గుమాస్తాకి ఆ స్తంభం ఇనపదే అని నిజం చెప్పేసింది. గుమాస్తా వెళ్లి దాన్ని కొట్టింది.

శుక్రవారం పొద్దున పరీక్ష ఆఫీసుకని ఒక్కతే కారులో బయల్దేరింది. ఐదో రాయి దాటగానే రోడ్డు పక్కన ఎర్ర ప్లాస్టిక్ స్టూలు ఒకటి, దాని మీద గొడుగు పట్టుకుని మాస్టారి భార్య కనిపించింది. ఆవిడ రెండో చేతిలో కొలత టేపు చివర ఉంది. టేపు రెండో చివర ముప్పై మీటర్ల అవతల టోపీ పెట్టుకుని మాస్టారు వంగి, నేల మీద సుద్దతో గీత గీస్తున్నాడు. గీసి చెయ్యెత్తగానే ఆవిడ మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, స్టూలు పట్టుకుని, ఆ గీత దాకా నడిచి, మళ్లీ కూర్చుంది. బ్రేకమ్మ బండి పక్కకి తీసి ఆపింది. వాళ్లు ఇంకో ముప్పై మీటర్లు జరిగేదాకా దిగలేకపోయింది.

“రా అమ్మాయీ,” అంది మాస్టారి భార్య గొడుగు కిందనుంచి. “మా పెళ్లి ఈ రోడ్డుని ఒక కిలోమీటరు మింగేసిందట. వెతుకుతున్నాం. నిన్నటి నుంచి నా మోకాళ్లు లెక్కపెడుతున్నాయి, టేపు అక్కర్లేకుండానే.”

“ఎంతవరకొచ్చింది పిన్నిగారూ?”

“ఐదు నుంచి ఆరు నిన్ననే అయిపోయింది. వెయ్యి మీటర్లు, జానెడు తేడా లేదు. దాన్ని ఒప్పుకోడు. ఈపూట మళ్లీ మొదటినుంచి కొలిపిస్తున్నాడు.”

మాస్టారు టేపు చుట్టుకుంటూ దగ్గరికొచ్చాడు. రెండు రోజుల్లో మనిషి ఎండకి కమిలిపోయాడు. లెక్క సరిపోతోంది గానీ అదే తనకి అర్థం కావడం లేదన్నాడు. టేపు సాగి ఉండాలి, లేకపోతే తన చూపు దెబ్బతిని ఉండాలి.

“మీ బండి అబద్ధమాడదు కదా టీచరుగారూ,” అన్నాడు. “దానికేం అవసరం?”

బ్రేకమ్మ స్టూలు తీసి డిక్కీలో పెట్టి, ఇద్దర్నీ ఎక్కమంది. ఎక్కడికని పిన్నిగారు అడిగితే, నీడకి అంది. దారిలో మాస్టారు ఒకే ఒక్క మాట మాట్లాడాడు. ఇంత అరిగిపోయిన టైర్ల మీద తిరగడం మంచిది కాదమ్మా అన్నాడు.

టైర్ల షాపతను ఆవిణ్ణి చూడగానే, మళ్లీ అదే పేచీకి వచ్చిందనుకుని రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు. ఆవిడ పేచీ పెట్టలేదు. తన బండికి రాసి ఉన్న సైజు టైరు ఒకటి, ఇప్పుడు ఉన్న సైజుది ఒకటి, రెండూ కొత్తవి తెచ్చి పక్కపక్కన నిలబెట్టమంది. నిలబెట్టాడు. పక్కపక్కన చూస్తే మాత్రం ఎవరికీ టేపు అక్కర్లేదు, అన్నదమ్ముల్లా ఒకటి ఎత్తుగా, ఒకటి పొట్టిగా ఉన్నాయి.

“మాస్టారూ, ఈ రెండిటి చుట్టుకొలత తియ్యండి.”

మాస్టారు ఎందుకని అడగలేదు. కొలవమంటే కొలిచే మనిషి. వంగి టేపు చుట్టి, పెద్దది నూట తొంభై నాలుగున్నర సెంటీమీటర్లన్నాడు. చిన్నది నూట డెబ్బై ఐదన్నాడు. పుస్తకంలో రెండు అంకెలూ రాశాడు.

“నా బండికి ఉండాల్సింది ఆ పెద్దది,” అంది బ్రేకమ్మ. “మూడేళ్లుగా ఉన్నది ఈ చిన్నది. తెలిసే ఉంచాను. మొన్న మీరు మీటరు సంగతి అడిగినప్పుడూ తెలిసే చెప్పాను.”

షాపులో గాలికొట్టే యంత్రం ఒకసారి బుసకొట్టి ఊరుకుంది. మాస్టారు స్టూలు కోసం చూశాడు. అది డిక్కీలో ఉంది గనక టైర్ల దొంతి మీద కూర్చుని లెక్క వేశాడు. లెక్క పొడుగైనదేమీ కాదు. ఒకదాన్ని ఇంకోదాంతో భాగిస్తే తొమ్మిదికి పది వచ్చింది. మళ్లీ వేశాడు. మళ్లీ అదే వచ్చింది. చొక్కా జేబులోంచి మడతపెట్టిన ఉత్తరం తీసి, చింపకుండా, దాని వెనకవైపు అదే లెక్క మూడోసారి వేశాడు.

“మూడు రోజులు నా రాళ్లు తప్పనుకున్నానమ్మా,” అన్నాడు తలెత్తకుండా. “ఈవిడ మోకాళ్లతో కొలిపించాను.”

ఇంజను ఆగితే ఆలోచిస్తోందని, స్తంభం రబ్బరుదని అల్లగలిగిన బ్రేకమ్మ ఈసారి ఏమీ అల్లలేదు. నిజంగానే తప్పు చేశాను మాస్టారూ అంది. ఆయన ఏదో అనుమానం వచ్చినట్టు తలెత్తాడు.

“అయితే సోమవారం నేను యాభై దాటించింది...”

“నలభై ఐదు, మాస్టారూ.”

“నలభై ఐదా,” అంది ఆయన భార్య. “ఈయన యాభైలో పోయాడని మా చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పాను. అది రెండు రోజులు దిగులు పడింది.” ఆవిడ గొడుగు మడిచి, దాని పిడితో పొట్టి టైరుని ఒకసారి తట్టి చూసింది. “దీని ఆటలు చూస్తే నవ్వొస్తోంది గానీ, ఇక్కడ నేను నవ్వకూడదు.” అంటూనే నవ్వింది. మాస్టారు నవ్వలేదు. కానీ ఉత్తరాన్ని తిరిగి జేబులో పెట్టుకోలేదు, లెక్క వైపు పైకి ఉండేట్టు టైర్ల దొంతి మీద పెట్టాడు.

బ్రేకమ్మ వాళ్లిద్దర్నీ వదిలేసి కారు దగ్గరికి వెళ్లి నిలబడింది. రేపు పొద్దున ఏడింటికి బ్యాంకు గుమాస్తా వస్తుంది. అదే కాలు, అదే రోడ్డు, అదే భయం. ముల్లు మాత్రం యాభై దగ్గర కాకుండా నలభై ఐదు దగ్గర ఆగుతుంది. చూసిందంటే మళ్లీ మొదటి నెలకి పోతుంది. కాలేజీ కుర్రాడు ముల్లు అరవై తాకేదాకా తొక్కుతాడు, ఈసారి అది నిజం అరవై. ఆవిడ కిటికీలోంచి లోపలికి వంగి, స్టీరింగు వెనక గుండ్రటి మీటరుని ఎప్పుడూ చూడనట్టు చూసింది.

షాపతను పానా చేత్తో పట్టుకుని వెనకాలే వచ్చాడు. ఏది బిగించమంటావో ఈవేళ తేల్చి చెప్పు అక్కా అన్నాడు. మాస్టారు, ఆయన భార్య కూడా అటే చూస్తున్నారు.

“పెద్దవే, నాలుగూ,” అంది బ్రేకమ్మ. “రేపటినుంచి స్పీడు మీటరు మీద మా ఆయన కుట్టిన గుడ్డ కప్పుతాను. ఎంత వేగంలో పోతున్నారో తెలుసుకోవాలంటే నన్నడగాలి.”